ముందు ఆ ట్యూబు ఆపండి, పొట్ట మీద చారల సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 26. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బాబు పుట్టి ఐదు నెలలైంది, పాలిస్తున్నాను. పొట్ట నిండా, బొడ్డు కింద మరీ ఎక్కువగా, ముదురు ఊదారంగులో చారలు పడ్డాయి. "గోకొద్దంటే విన్నావా" అంటారు మా అత్తయ్య. మొన్న మా ఆడపడుచు చూసి "పొట్టంతా ఏంటి వదినా ఇలా అయిపోయింది" అంది. అప్పటి నుంచి చీర కట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. మూడు నెలల్లో మా చెల్లి పెళ్లి. బాదం నూనె, ఆముదం, నిమ్మరసం అన్నీ రాశాను. ఒక బ్యూటీ పార్లర్ వాళ్లు ఆరు సిట్టింగుల లేజర్‌కి 40 వేలు అవుతుందని, నూటికి నూరు శాతం పోతాయని అంటున్నారు. చేయించుకోమంటారా? ఈమధ్య తొడల లోపలి వైపు, గజ్జల దగ్గర కూడా కొత్తగా ఎర్రటి చారలు వస్తున్నాయి. అక్కడ దురదగా ఉంటే మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, మూడు నెలలుగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఇంకో మాట. మా తమ్ముడికి 15 ఏళ్లు, వాడి నడుము వెనక అడ్డంగా గీతలున్నాయి. అమ్మ చూసి భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధంతా పొట్ట గురించి. నాకు కంగారు పుట్టింది మాత్రం మీరు చివర్లో మాటవరసకు అన్నట్టు రాసిన ఆ ట్యూబు దగ్గర. అందుకని మీరు అడిగిన వరుసలో కాకుండా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ప్రసవం అయ్యాక పొట్ట లోపలికి పోతుందే కానీ ఇంకా సాగదు. గర్భంతో వచ్చే చారలు చాలామందికి ఆరో నెల దాటాక మొదలై, కాన్పుతో ఆగిపోతాయి. మీకు తొడల లోపలి వైపు చారలు ఇప్పుడు, ఈ ఐదు నెలల్లో కొత్తగా వస్తున్నాయంటున్నారు. అదీ సరిగ్గా మీరు మందు రాస్తున్న చోటే. మూడు నెలలుగా రాస్తున్నారు, రాస్తే దురద తగ్గుతోంది, మానేస్తే తిరిగి వస్తోంది. ఈ వరస చూస్తే మీరు వాడుతున్నది స్టెరాయిడ్ కలిసిన క్రీము అని నాకు గట్టి అనుమానం.

ఇప్పుడే ఆ ట్యూబు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లండి. దాని మీద సన్నటి అక్షరాలతో మందుల పేర్లుంటాయి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడే. చాలా ట్యూబుల్లో దాంతోపాటు ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు కూడా కలిపి ఉంటాయి. అన్నీ ఉన్నాయి కదా, మంచిదే అనుకుంటారు జనం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఊళ్లల్లో "దురద" అనగానే అదే ట్యూబు చేతిలో పెడుతున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపిస్తుంటారు. అడుగు నుంచి చుట్టి చుట్టి, ఆఖరి చుక్క దాకా పిండేసిన ట్యూబులు. కొందరివి పేర్లు కూడా చెరిగిపోయి ఉంటాయి. ఒకటి అయిపోగానే ఇంకోటి కొని, ఏడాది వాడినవాళ్లను చూశాను. వాళ్ల గజ్జల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడి, నరాలు పైకి కనిపిస్తుంటాయి. తొడల మీద వేలెడు వెడల్పు చారలు. వాళ్లెవరికీ స్టెరాయిడ్ అన్న మాటే తెలియదు.

స్టెరాయిడ్ చేసే పని ఏమిటంటే, వాపునీ దురదనీ అణిచేస్తుంది. అందుకే రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. కానీ గజ్జల్లో దురద మన దగ్గర చాలావరకు తామర, అంటే ఫంగస్. దాని మీద స్టెరాయిడ్ రాస్తే నివురుగప్పిన నిప్పే. పైకి మంట కనపడదు, లోపల పాకుతూనే ఉంటుంది. ఈలోగా ఆ మందు చర్మం లోపలి పోగులను తయారు కానివ్వకుండా అడ్డుపడుతుంది. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద మడతలు ఎప్పుడూ చెమటతో మూసుకుని ఉండే చోట్లు కాబట్టి అక్కడ మందు మామూలు కంటే ఎక్కువ ఇంకుతుంది. చారలు పడడానికి ఏళ్లు అక్కర్లేదు, కొద్ది నెలలు చాలు. మందు ఆపితే పలచబడ్డ చర్మం మెల్లగా కొంత కోలుకుంటుంది. పడిన చార మాత్రం పోదు. అందుకే పొట్ట మీది చారల కంటే ఈ తొడల మీది చారల గురించే నాకు తొందర. అవి ఇంకా పడుతూనే ఉన్నాయి, ఇవాళ ఆపితే రేపటివి పడకుండా ఉంటాయి.

ఆపిన నాలుగైదు రోజుల్లో దురద, ఎరుపు ముందుకంటే ఎక్కువగా ఎగదన్నవచ్చు. ముందే చెబుతున్నాను, అప్పుడు కంగారుపడి మళ్లీ అదే రాయకండి. ఈ వారంలోనే చర్మ వైద్యులకు చూపించుకోండి. మీకు గుంటూరు దగ్గరే కదా, అక్కడి పెద్దాసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది, ప్రైవేటుకే పోవాలని లేదు. పాలిస్తున్నారని డాక్టరుతో తప్పకుండా చెప్పండి, దాన్ని బట్టే మందు రాస్తారు. తామరే అయితే ఫంగస్ మందు వారాల తరబడి వాడాల్సి ఉంటుంది. దురద పోగానే ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మీ తువ్వాలు వేరుగా పెట్టుకోండి. లోబట్టలు వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి వేసుకోండి. ఇంట్లో ఇంకెవరికి దురద ఉన్నా వాళ్లకీ అదే సమయంలో వైద్యం జరగాలి. మీ వారికి ఉందేమో అడగండి, మగవాళ్లు ఈ సంగతి చెప్పుకోరు. ఇంకొకటి, బాబుకి డైపర్ దగ్గర ఎర్రబడితే పొరపాటున కూడా ఈ ట్యూబు రాయకండి. పసివాళ్ల ఒంట్లోకి ఆ మందు చాలా త్వరగా దిగుతుంది.

ఇక పొట్ట సంగతి.

ముందు మీ అత్తగారి మాట గురించి. గోకడం వల్ల చారలు రావు. పొట్ట సాగేటప్పుడు చర్మం పొడిబారి దురద పెడుతుంది, అక్కడే చారలూ వస్తాయి. రెండూ ఒకేసారి కనపడేసరికి గోకడం వల్లే వచ్చాయని మన పెద్దవాళ్లు అనుకున్నారు. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడకీ వాళ్ల అత్తగారు అదే చెప్పి ఉంటారు. చారలు ఎవరికి వస్తాయన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది. మీ అమ్మగారికి ఉన్నాయేమో అడిగి చూడండి. చిన్న వయసులో గర్భం వచ్చినా, బరువు ఎక్కువ పెరిగినా, బిడ్డ బరువున్నా, కవలలైనా అవకాశం పెరుగుతుంది. ఇవేవీ మీ తప్పులు కావు.

ఇది చదివే గర్భిణులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చివరి నెలల్లో ఒంటి మీద ఏ దద్దూ లేకుండా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడుతుంటే, రాత్రిళ్లు మరీ ఎక్కువవుతుంటే, అది కాలేయానికి సంబంధించింది కావచ్చు. బిడ్డకు ప్రమాదం. ఆ రోజే మీ గైనకాలజిస్టుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. పొట్ట చారల మీదే ఎర్రటి దద్దులు లేచి, బొడ్డు చుట్టూ మాత్రం వదిలేస్తే అది వేరే జబ్బు. బాధపెడుతుంది కానీ బిడ్డకు ఏమీ కాదు, కాన్పు తర్వాత పోతుంది. ఏదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

చార అంటే అసలు ఏమిటో తెలిస్తే ఏది పని చేస్తుందో, ఏది చేయదో మీకే అర్థమవుతుంది. నైటు ప్యాంటు నడుము దగ్గర ఎలాస్టిక్ ఉంటుంది చూడండి. చాలా రోజులు సాగీ సాగీ ఒకచోట లోపలి రబ్బరు పోగులు తెగిపోతాయి. పైన గుడ్డ చిరగదు, కానీ అక్కడ పట్టు ఉండదు, వదులుగా ముడత పడుతుంది. మన చర్మంలోనూ అంతే. పైపొర బాగానే ఉంటుంది, కింది పొరలో కొలాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు తెగుతాయి. గర్భంలో మారే హార్మోన్లు ఆ పోగులను ఇంకా బలహీనం చేస్తాయి. కొత్తలో అక్కడ రక్తనాళాలు ఉబ్బి ఉండడం వల్ల ఎర్రగానో, మన రంగు చర్మం మీద ఊదాగానో కనపడతాయి. నెలలు గడిచేకొద్దీ, ఏడాది రెండేళ్లలో, ఆ రంగు వెలిసిపోయి చర్మం కంటే కాస్త తెల్లగా, కొద్దిగా గుంటపడి మిగులుతాయి. అంటే మీరు ఇప్పుడు చూస్తున్నది వాటి గడ్డు రూపం. ఏమీ రాయకపోయినా ఇంత కొట్టొచ్చినట్టు ఉండవు.

నాకు పాప పుట్టినప్పుడు నావీ ఇలాగే ఉండేవి. చర్మ వైద్యురాలిని, అన్నీ తెలిసినదాన్ని, అయినా స్నానాల గదిలో అద్దానికి వీపు తిప్పి నిలబడేదాన్ని. ఇప్పుడు పాపకి 19 ఏళ్లు. బొడ్డుకి ఎడమ పక్కన ఏడు చారలు మిగిలాయి, ఒక్కోటి బియ్యపు గింజ వెడల్పు. ట్యూబ్‌లైటు కింద కనపడవు. పొద్దున్నే కిటికీ పక్కన నిలబడితే, వెలుతురు పక్క నుంచి పడినప్పుడు, నీటి మీద అలల్లా కనపడతాయి. వేలితో తడిమితే చిన్న గాడి తగులుతుంది. మీకూ అవి మొత్తం పోతాయని నేను చెప్పలేను. ఎవరు చెప్పినా నమ్మకండి.

నూనెల గురించి అడిగారు. 2012లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షా సంస్థ, గర్భిణుల్లో చారలు రాకుండా రాసే క్రీములు, నూనెల మీద 800 మంది మహిళలతో జరిగిన ఆరు పరిశోధనలను కలిపి చూసింది. ఏదీ గట్టిగా పని చేస్తుందని తేలలేదు. ఆలివ్ నూనె, కోకో బటర్ వగైరాలన్నీ ఆ లెక్కలోవే. కారణం కష్టమైనది కాదు. తెగింది కింది పొరలో, నూనె ఆగిపోయేది పైపొరలో. అలాగని మన బాలింత స్నానాలనీ, నూనె మర్దననీ నేను కొట్టిపారేయను. నువ్వుల నూనెతోనో కొబ్బరి నూనెతోనో మెల్లగా మర్దన చేస్తే చర్మం పొడిబారదు, దురద తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. అసలే నిద్ర లేని మనిషికి ఎవరైనా పావుగంట ఒళ్లు పడితే అది చిన్న విషయం కాదు. చారలు చెరిపేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నలుగు గట్టిగా పెట్టి రుద్దితే పోతాయన్నది కూడా అంతే. రుద్దిన చోట చర్మం గీరుకుపోయి నల్లబడుతుంది.

నిమ్మరసం ఇవాళే మానేయండి. నిమ్మరసం పడిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్ల మచ్చలు ఉండిపోతాయి. టూత్‌పేస్టు, వెనిగర్, బేకింగ్ సోడా కూడా వద్దు. ఆన్‌లైన్‌లో దొరికే సూదుల రోలరు ఇంట్లో పొట్ట మీద దొర్లించుకోవడం అసలు వద్దు, ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నట్టే.

కొంతైనా ఫలితం ఉన్న మందు ట్రెటినాయిన్ క్రీము. రంగు ఇంకా ఉన్న కొత్త చారల మీదే అది పని చేస్తుంది. 1996లో అమెరికాలో 22 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో ఆరు నెలలు రాస్తే చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. అంటే ఐదు సెంటీమీటర్ల చార 4.3 సెంటీమీటర్లు అవుతుందన్నమాట. మేలే, అద్భుతం కాదు. పైగా అది రాసిన చోట చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు, పాలిచ్చే రోజుల్లోనూ నేను రాసివ్వను. మీ బాబు పాలు మానాక, మళ్లీ గర్భం ఆలోచన ఇప్పట్లో లేకపోతే, అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పటికి రంగు వెలిసిపోతే దాని అవసరమూ తగ్గుతుంది. ఈలోగా రాసుకోవాలనిపిస్తే స్నానం చేసిన వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైనది అక్కర్లేదు. స్ట్రెచ్ మార్క్స్ క్రీము అని రాసి ఉందని మూడింతలు డబ్బులు పెట్టకండి.

ఇప్పుడు మీ 40 వేల ప్యాకేజీ. వద్దు. లేజర్ వల్ల లాభమే లేదని కాదు. ఎర్రగా ఉన్న కొత్త చారలకు ఒక రకం లేజర్, తెల్లబడ్డ పాత చారలకు ఇంకో రకం ఉన్నాయి. సూదుల పరికరంతో చేసే మైక్రోనీడ్లింగ్ కూడా ఉంది. వీటిలో చాలావరకు లోపలి పొరలో చిన్న చిన్న గాయాలు చేసి, అది మానేటప్పుడు కొత్త కొలాజెన్ పుట్టేలా చేస్తాయి. నెలకొకటి చొప్పున నాలుగైదు సిట్టింగులు పడతాయి, చార కాస్త నునుపవుతుంది, అంతే. కానీ మనలాంటి చామనఛాయ చర్మానికి లేజర్ వేడి కొంచెం ఎక్కువైనా ఆ చోటు కాలినట్టు నల్లబడిపోతుంది. ఊదా చార పోగొట్టుకోబోయి నల్ల చార తెచ్చుకుని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలున్నారు. అందుకే మన రంగువాళ్లకు నేను మైక్రోనీడ్లింగ్ వైపే మొగ్గుతాను, అదీ చర్మ వైద్యంలో పీజీ చేసిన డాక్టర్ చేతుల మీద. పార్లర్లో ఎవరు చేస్తారో, ఏ మిషనో, కాలితే ఎవరు చూస్తారో అడగండి, జవాబు రాదు. నూటికి నూరు శాతం గ్యారంటీ అన్నారంటేనే వాళ్లకు ఈ విషయం తెలియదని అర్థం. పైగా మీకు పక్కనే గజ్జల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టుంది. అది పూర్తిగా తగ్గకుండా ఆ చుట్టుపక్కల సూది కానీ లేజర్ కానీ తగలనివ్వకూడదు. మూడు నెలల్లో పెళ్లి పెట్టుకుని మొదలుపెట్టే పని కాదిది. ఆ డబ్బు దాచుకోండి. బాబుకి ఏడాదిన్నర వచ్చాక కూడా మీకు చేయించుకోవాలని అనిపిస్తే, అప్పుడు నిదానంగా చేయించుకోండి, నేనేమీ కాదనను.

బరువు తగ్గితే చారలు పోతాయని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పోవు. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకోకూడదు. పథ్యం పేరుతో పప్పు, కూర, గుడ్డు మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి.

పెళ్లికి చీర సంగతి చూద్దాం. కప్పుకోవాలా, అలాగే ఉండాలా అన్నది మీ ఇష్టం. మీ ఆడపడుచు అన్నదాన్ని బట్టి మాత్రం నిర్ణయించకండి. ఆ అమ్మాయికి రేపు కాన్పయితే తనకే తెలుస్తుంది. కప్పుకోవాలనుకుంటే జాకెట్టు రెండంగుళాలు పొడవు కుట్టించుకోండి. లంగా బొడ్డు మీదుగా కట్టి, పైట నడుము దగ్గర పిన్ను పెట్టుకుంటే పొట్ట కనపడదు. వడ్డాణం ఉంటే చెప్పక్కర్లేదు, కాకపోతే గంటల తరబడి బిగించి ఉంచకండి. ఒళ్లు రంగులో కలిసిపోయే బాడీ ఫౌండేషన్లు కూడా వస్తున్నాయి. మీ రంగు కంటే ఒక్క పిసరు ముదురుది కాదు, సరిగ్గా అదే రంగు తీసుకోండి. వారం ముందు మోచేతి లోపల రాసి చూసుకోండి, దురద రాకపోతేనే వాడండి. రాశాక పౌడర్ అద్ది, పది నిమిషాలు ఆరనిచ్చి, తెల్ల గుడ్డ అద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే పట్టుచీరకీ అంటుతుంది. బాబుని ఎత్తుకుంటారు కాబట్టి రాత్రికి శుభ్రంగా కడిగేసుకోండి.

ఒక్క జాగ్రత్త మిగిలింది. చారలు సెంటీమీటరు కంటే వెడల్పుగా, ముదురు ఊదాగా పడుతూ, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంటే, బీపీ, షుగరు పెరిగితే అది పైపై సంగతి కాదు. ఒంట్లో కార్టిసాల్, అంటే మన శరీరమే తయారు చేసుకునే స్టెరాయిడ్ హార్మోను, ఎక్కువైందేమో ఫిజీషియన్ చూడాలి. కీళ్ల నొప్పులకని పేరు లేని పొడులు, లావయ్యే మాత్రలు వాడేవాళ్లలోనూ ఇలా జరుగుతుంది, కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు. మీరు రాసినదాంట్లో ఈ లక్షణాలు లేవు. అయినా డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కదా, బీపీ చూపించుకోండి.

మీ తమ్ముడి విషయంలో అమ్మగారిని భయపడొద్దని చెప్పండి. పదిహేనేళ్ల వయసులో ఒక్కసారిగా పొడవు సాగే మగపిల్లలకు నడుము వెనక, వెన్నెముకకు అడ్డంగా, నిచ్చెన మెట్లలా గీతలు పడతాయి. బెల్టుతో కొట్టినట్టే ఉంటాయి. స్కూల్లో ఎవరో కొట్టారని పిల్లాడిని నిలదీసిన తల్లిదండ్రులూ ఉన్నారు, పాపం వాడేం చెబుతాడు. ఈ ఏడాదిలో ప్యాంట్లు ఎన్నిసార్లు పొట్టి అయ్యాయో అమ్మగారిని గుర్తు చేసుకోమనండి. ఎదుగుదల ఆగాక వాటంతట అవే వెలిసిపోతాయి, ఏ మందూ అక్కర్లేదు. వాడు కూడా దురదకని మీ ట్యూబు లాంటిదేదైనా రాస్తున్నాడేమో, జిమ్‌కి వెళ్తూ పౌడర్లు, ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నాడేమో మాత్రం నెమ్మదిగా అడగండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఖాళీ అయిపోయినా సరే, పారేయకండి. దాని మీది పేర్లు చూస్తే డాక్టరుకి సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.